గ్లాసు దిగుతుంది, ఎక్కదు: పాత కారు పవర్ విండో స్విచ్‌లు ఇంట్లో బాగుచేసుకోవడం

తమ్ముడూ, నువ్వు అడిగిందేమిటో ముందు నాలుగు ముక్కల్లో రాస్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలుస్తుంది. బండి మీ నాన్నగారిది, 2008 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, నాలుగు తలుపులకీ పవర్ విండోలు. ఇల్లు కళింగపట్నం దగ్గర. షెడ్డు లేదు, బండి వాకిట్లోనే ఉంటుంది. వెనక ఎడమ తలుపు గ్లాసు దిగుతోంది గానీ ఎక్కడం లేదు. ఆ తలుపు మీదున్న స్విచ్ నొక్కినా అంతే, డ్రైవర్ దగ్గర నుంచి నొక్కినా అంతే. డ్రైవర్ గ్లాసు ఎక్కుతుంది గానీ నీరసంగా, రెండు మూడుసార్లు నొక్కితే తప్ప కదలదు. మిగతా రెండూ బాగానే ఉన్నాయి. గ్యారేజీలో చూపిస్తే వెనక మోటారు, వెనక స్విచ్, డ్రైవర్ తలుపు మీదున్న మాస్టర్ స్విచ్, మూడూ మార్చాలన్నారు. వానలు పడుతున్నాయి, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా అని నీ ప్రశ్న.

చేసుకోవచ్చు. నువ్వు చెప్పిన లక్షణాలే నిజమైతే వెనక స్విచ్‌ని ముట్టుకోనక్కర్లేదు. మోటారు కూడా దాదాపుగా మంచిదే, ఎందుకంటే దించేదీ ఎక్కించేదీ ఒకే మోటారు. తప్పు మాస్టర్ స్విచ్ లోపల ఒక చిన్న కాంటాక్టులో, అంటే కరెంటు దాటడానికి రెండు లోహపు ముక్కలు తాకే చోట ఉండాలి, లేదంటే గ్లాసు రబ్బరులో బిగుసుకుపోయి ఉండాలి. చాలా బళ్లలో రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే గ్లాసు బిగుతే స్విచ్‌ని కాల్చేది. అందుకే ఎవరడిగినా ముందు ఈ మాటే చెబుతాను: గ్లాసుని తేలిక చెయ్యకుండా స్విచ్ ఒక్కటే బాగుచేస్తే, చివరికి కొత్తదే కొని వేసినా, అది మళ్లీ అదే దారి పడుతుంది.

వానకి గ్లాసు కిందే ఉండిపోయిందంటే ముందు దాన్ని పైకి తెచ్చే సంగతి చూద్దాం. తలుపు తీసి, గ్లాసుని లోపలా బయటా రెండు అరచేతులతో గట్టిగా అదిమి పట్టుకుని పైకి నెడుతూ ఉండు, ఇంకొకరు ఇగ్నిషన్ ఆన్ చేసి ఎక్కే బటన్ నొక్కి పట్టుకోవాలి. కాంటాక్టు పూర్తిగా పోకుండా నీరసపడి ఉంటే ఇలా ఎక్కేస్తుంది. ఎక్కాక విండో ఫ్యూజు తీసి జేబులో వేసుకో, ఎవరో తెలియక దించేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇలా ఎక్కకపోతే మరో ఉపాయం ఉంది, కింద చెబుతాను.

ఇప్పుడు వైరింగ్. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

మోటారుకి రెండే వైర్లు. ఒకదానికి 12 వోల్టులు, రెండోదానికి ఎర్త్ (అంటే బ్యాటరీ నెగెటివ్‌కి కలిసే బండి బాడీ) ఇస్తే గ్లాసు ఎక్కుతుంది. అవే తారుమారు చేసి ఇస్తే దిగుతుంది. ఒకదాన్ని ఎక్కే వైరు అనీ, రెండోదాన్ని దిగే వైరు అనీ పిలుద్దాం. ఏ బటనూ నొక్కనప్పుడు రెండు వైర్లూ ఎర్త్‌నే తాకి ఉంటాయి. ఎక్కే బటన్ నొక్కితే ఎక్కే వైరు ఎర్త్‌ని వదిలి 12 వోల్టుల మీదకి మారుతుంది, దిగే వైరు కదలకుండా ఎర్త్ మీదే ఉంటుంది. కరెంటు ఎక్కే వైరులోంచి మోటారులోకి వెళ్లి, దిగే వైరులోంచి తిరిగొచ్చి ఎర్త్ చేరుతుంది. అంటే గ్లాసు ఎక్కాలంటే నువ్వు నొక్కిన కాంటాక్టు ఒక్కటే బాగుంటే చాలదు, నువ్వు నొక్కని వైపు కాంటాక్టు కూడా బాగుండాలి.

మరి ఆ ఎర్త్ ఎక్కడుంది? నీ బండి కాలంనాటి బళ్లలో చాలావాటికి వెనక తలుపు స్విచ్‌కి సొంత ఎర్త్ ఉండదు. దానికి 12 వోల్టుల సప్లై వస్తుంది, అంతే. రెండు మోటారు వైర్లూ ఆ స్విచ్ గుండా ముందుకొచ్చి, డ్రైవర్ తలుపులోని మాస్టర్ స్విచ్‌లో ఎర్త్‌ని తాకుతాయి. కాబట్టి వెనక కూర్చున్నవాళ్లు తమ స్విచ్ నొక్కినా కరెంటు తిరిగి వెళ్లే దారి మాస్టర్ స్విచ్ గుండానే. మాస్టర్‌లో కాంటాక్టు చెడితే వెనక తలుపు స్విచ్ చెడినట్టు కనిపిస్తుంది. వెనక స్విచ్ మార్చి, మోటారు మార్చి, అయినా గ్లాసు కదలక తలపట్టుకునేవాళ్లంతా ఇక్కడే పొరబడతారు.

దీన్నిబట్టి ఏ లక్షణానికి ఏది కారణమో కూర్చున్నచోటే చెప్పొచ్చు. రెండు స్విచ్‌ల నుంచీ దిగుతుంది, రెండింటి నుంచీ ఎక్కదు అంటే, మాస్టర్‌లో దిగే వైరుని ఎర్త్‌కి పట్టి ఉంచే కాంటాక్టు పోయింది. నీది ఇదే. దిగడం ఎలా పనిచేస్తోంది అంటావా, దించేటప్పుడు ఆ వైరు ఎర్త్‌ని వదిలి 12 వోల్టుల పాయింటు మీదకి వెళుతుంది, ఆ పాయింటు బాగానే ఉంది. దీనికి తారుమారుగా ఎక్కుతుంది, దిగదు అంటే ఎక్కే వైపు ఎర్త్ కాంటాక్టు పోయినట్టు. డ్రైవర్ దగ్గర నుంచి మాత్రమే ఎక్కదు, వెనక స్విచ్‌తో ఎక్కుతుంది అంటే మాస్టర్‌లో ఎక్కే 12 వోల్టుల పాయింటు కాలింది. మాస్టర్ నుంచి అటూ ఇటూ పనిచేస్తూ వెనక స్విచ్ మాత్రం రెండువైపులా చచ్చిందంటే, దానికి సప్లై రావడం లేదు. ముందు పిల్లల లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడు. ఇక వెనక స్విచ్‌తో ఒక్కవైపు మాత్రమే కదిలి, మిగతా మూడు రకాలుగా నొక్కినా కదలదంటే, వెనక స్విచ్‌లో ఆ వైపు కాంటాక్టో, ముందుకి వచ్చే వైరో తెగింది. ఆ వైరు ఎక్కువగా తెగేది తలుపుకీ, అది వేలాడే బాడీ పిల్లర్‌కీ మధ్యనున్న రబ్బరు గొట్టంలో. తలుపు తీసినప్పుడల్లా అక్కడ వంగుతుంది, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి పోగులు తెగిపోతాయి. బటన్ నొక్కి పట్టుకుని తలుపుని మెల్లగా ఊపితే గ్లాసు ఒక్క క్షణం కదిలిందంటే అనుమానం లేదు, ఆ గొట్టం విప్పాల్సిందే. నాలుగు గ్లాసులూ ఒకేసారి ఆగిపోతే ఫ్యూజు, రిలే, మాస్టర్‌కి వచ్చే సప్లై, దాని ఎర్త్, వీటిలో ఏదో ఒకటి. నీకు రెండు గ్లాసులు బాగానే నడుస్తున్నాయి గనక వాటి జోలికి పోనక్కర్లేదు.

నీ విషయంలో తేల్చుకోవాల్సింది ఒక్కటి మిగిలింది. గ్లాసు దిగడానికి దాని బరువు సాయం చేస్తుంది, ఎక్కడానికి మోటారు ఒక్కటే మొయ్యాలి. అందుకని బాగా బిగుసుకున్న గ్లాసు కూడా దిగుతుంది, ఎక్కదు. కాంటాక్టు పోయిందా, గ్లాసు బిగిసిందా అన్నది తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. చీకటిపడ్డాక ఇంజిన్ ఆపి ఉంచి ఇగ్నిషన్ ఆన్ చెయ్యి, లోపలి లైటు వెలిగించి ఎక్కే బటన్ నొక్కు. లైటు కాస్త మసకబారిందంటే కరెంటు మోటారు దాకా వెళుతోంది, కదల్లేకపోతోంది: బిగుతు. లైటులో ఏ మార్పూ లేదంటే కరెంటే వెళ్లడం లేదు: కాంటాక్టు. లోపల ఎల్‌ఈడీ బల్బు వేయించి ఉంటే ఈ తేడా సరిగా తెలియదు, హెడ్‌లైటు గోడ మీద వేసి చూడు. ఇంకో సంగతి, గంటసేపు అదేపనిగా నొక్కి ఉంటే మోటారులోని వేడి రక్షణ దాన్ని ఆపేసి ఉండొచ్చు. పావుగంట వదిలేసి అప్పుడు చూడు.

మల్టీమీటర్ ఉంటే మాట ఇంకా తిరుగులేకుండా తేలుతుంది. మాస్టర్ స్విచ్‌ని తలుపు నుంచి పైకి తియ్యి, కప్లర్ (వైర్లన్నీ కలిసి స్విచ్‌కి బిగిసే ప్లగ్గు) పెట్టే ఉంచు. చాలా బళ్లలో చేతిపిడి గుంటలో ఒక స్క్రూ ఉంటుంది, కొన్నిటికి స్విచ్ ప్యానెల్ అంచున ప్లాస్టిక్ పట్టీతో లేపితే చాలు. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి లేపకు, పాత ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, విరుగుతుంది. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల పిన్ను తలుపు రేకులో రంగులేని బోల్టుకి ఆనించు. ఎర్ర పిన్నుతో కప్లర్ వెనక నుంచి ఒక్కొక్క వైరునీ తాకుతూ, మాస్టర్ మీద వెనక ఎడమ దించే బటన్ నొక్కించు. ఏ వైరు సున్నా నుంచి 12కి ఎగిరిందో అదే దిగే వైరు. ఇప్పుడు ఆ వైరు మీదే పిన్ను ఉంచి, ఎక్కే బటన్ నొక్కించు. కాంటాక్టు బాగుంటే అర వోల్టు లోపే చూపిస్తుంది. రెండు మూడు వోల్టులు చూపిస్తే అక్కడ కార్బన్ పేరుకుంది. 12 చూపిస్తే మోటారు దాటివచ్చిన కరెంటు ఎర్త్ దొరక్క అక్కడ నిలబడిపోయింది, కాంటాక్టు పూర్తిగా పోయింది.

ఈ పని మీటరులో బీప్ కొట్టే కంటిన్యూటీ (దారి తెగిందా లేదా చూసే) సెట్టింగు మీద చెయ్యొద్దు. కప్లర్ పెట్టే ఉంటుంది గనక దిగే వైరు నుంచి మోటారు చుట్ట గుండా ఎక్కే వైరులోకి, అక్కడి నుంచి ఎర్త్‌కి మరో దారి ఉంది. పోయిన కాంటాక్టు కూడా బాగున్నట్టే బీప్ అంటుంది. కరెంటు పారుతుండగా చూసిందే నమ్ము. మీటరుని 10 ఆంపియర్ల పాయింటు మీద పెట్టి మోటారు కరెంటు కొలుద్దామని కూడా అనుకోకు. గ్లాసు పైన తగిలి ఆగినప్పుడు కరెంటు అంతకి మించిపోతుంది, మీటరు ఫ్యూజు కొట్టేస్తుంది.

పైన చెప్తానన్న ఉపాయం ఇదే. దిగే వైరు గుర్తుపట్టావు కదా, 20 ఆంపియర్ల ఫ్యూజు బిగించిన ఒక వైరుతో దాన్ని నేరుగా బాడీ ఎర్త్‌కి కలిపి, వెనక తలుపు స్విచ్‌తో ఎక్కే బటన్ నొక్కు. గ్లాసు ఎక్కేసిందంటే రోగం ఎక్కడుందో రుజువైపోయింది, వానకి గ్లాసూ మూసుకుంది. ఆ వైరు ఉన్నంతసేపూ మాస్టర్ మీద ఆ తలుపు దించే బటన్ మాత్రం నొక్కకూడదు, 12 వోల్టులు సూటిగా ఎర్త్‌లోకి పోతాయి. ఫ్యూజు పెట్టమన్నది అందుకే.

ఇక విప్పడం. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, కప్లర్ నాలుక నొక్కి వైర్లు లాగకుండా కప్లర్‌నే పట్టుకుని లాగు. విప్పే ప్రతి దశకీ ఫోన్‌లో ఫొటో తీసుకో. స్విచ్ అడుగు భాగాన్ని పట్టి ఉంచే చిన్న నాలుకలు చుట్టూ ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే వదులుచేసి, చివరి రెండూ ఒక పెద్ద పాలిథీన్ సంచిలో చేతులు పెట్టి తియ్యి. ఇది అతి జాగ్రత్త కాదు, లోపల పిన్నుల కింద చిన్న స్ప్రింగులు అదిమి ఉంటాయి, మూత లేవగానే ఎగురుతాయి. మంచం కిందకి పోయిన స్ప్రింగు ఒక్కటి చాలు, స్విచ్ మొత్తం పనికిరాకుండా పోవడానికి.

మూత లేచాక ఏం కనిపిస్తుందో చెబుతాను. ఒక్కొక్క బటన్ కింద రెండేసి రాగి పలకలు ఉంటాయి, గోరంత పొడవు, మధ్యలో కాస్త వంగి. బటన్ నుంచి వచ్చే ప్లాస్టిక్ పిన్ను ఈ పలక మీద జారుతూ దాన్ని ఒకవైపు నుంచి రెండోవైపుకి వాలుస్తుంది. ఒకవైపు వాలితే పలక చివర ఎర్త్ బొట్టు మీద ఆనుతుంది, రెండోవైపు వాలితే రెండో చివర 12 వోల్టుల బొట్టు మీద. ఆ బొట్లు మెరిసే వెండి రంగులో ఉండాలి. నీ స్విచ్‌లో పాత గ్రీజు కార్బన్‌తో కలిసి కాటుక ముద్దలా నల్లగా ఆ బొట్ల చుట్టూ పేరుకుని ఉంటుంది. సముద్రానికి అంత దగ్గర బండి గనక పలకల అంచుల్లో పచ్చని చిలుము కూడా కనిపిస్తుంది. వెనక ఎడమ బటన్ కింద చూడు, రెండు పలకల్లో ఒకదాని ఎర్త్ చివర మాత్రం మిగతావాటికన్నా మాసి, నల్లగా, చిన్న గుంటపడి ఉండాలి.

అంత చిన్న బొట్టు ఎందుకు కాలుతుందో లెక్క చూడు. మురికి వల్ల కాంటాక్టులో 0.1 ఓం నిరోధం చేరిందనుకో. మోటారు 10 ఆంపియర్లు లాగితే అక్కడ 1 వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. ఆవగింజంత చోటులో పది వాట్లు. గ్రీజు మాడి ఇంకా కార్బన్ అవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. తేలిగ్గా నడిచే గ్లాసుకి మోటారు నాలుగైదు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. బిగుసుకున్న గ్లాసుకి రెట్టింపు లాగుతుంది, కాంటాక్టులో వేడి నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గ్లాసు పైన తగిలాక కూడా బటన్ వదలకుండా నొక్కి ఉంచే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. మోటారు ఆగి ఉండి గరిష్ఠ కరెంటు లాగుతుంటే, బటన్ వదిలిన క్షణంలో కాంటాక్టు మధ్య నిప్పురవ్వ లేస్తుంది. గుంటలు అలాగే పడతాయి.

చిలుము సంగతికొస్తే, కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు భోగాపురం తీరం దాకా ఎక్కడైనా ఒకటే. గాలిలో ఉప్పు సన్నగా ఉంటుంది, గ్లాసు దించినప్పుడు లోపలికి వచ్చి స్విచ్‌లో కూర్చుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు లాక్కుని కరుగుతుంది, మనకి తీరంలో అంత తేమ ఉండే రాత్రులే ఎక్కువ. అంటే వాన పడకపోయినా, స్విచ్ మీద ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా, లోపల ఉప్పునీరే. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వెళ్లాక నా దగ్గరికి వచ్చిన బళ్లలో బయటికి ఏమీ తెలియని స్విచ్‌లు లోపల పచ్చగా పూసి ఉండేవి.

శుభ్రం చెయ్యడానికి కాంటాక్టు క్లీనర్ స్ప్రే గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ కావాలి, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో అడుగు. ముందు ఉప్పు పోవాలి, కాబట్టి ప్లాస్టిక్ భాగాల్ని, పలకల్ని గోరువెచ్చని మంచినీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టు, ఆ తర్వాత ఆల్కహాల్. లోపల సర్క్యూట్ బోర్డు ఉండే రకమైతే నీళ్లు వద్దు, ఆల్కహాల్ ఒక్కటే. పెట్రోలు, థిన్నర్ వాడొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు వాటికి మెత్తబడి పగుళ్లిస్తాయి, నిప్పు భయం సరేసరి. తుప్పు వదిలించే మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఊరుకునేవాళ్లు కూడా ఎక్కువే. కొట్టగానే స్విచ్ పనిచేస్తుంది, నిజమే, కానీ అది నూనెపొర వదులుతుంది, ఆ పొరకి దుమ్ము పడుతుంది.

బొట్ల మీద నలుపుని ముందు పెన్సిల్ రబ్బరుతో రుద్దు. చాలావరకు దానికే పోతుంది. పోకపోతే 2000 నంబరు ఎమెరీ కాగితాన్ని సన్నటి ముక్క కోసి, పలకకీ బొట్టుకీ మధ్య పెట్టి, పైనుంచి వేలితో తేలిగ్గా అదిమి రెండు మూడుసార్లు లాగు. గరుకు ఎమెరీతో, ఆకురాయితో గీకకు. ఆ బొట్టు మీద ఉన్న వెండి పలుచనిది, అది పోయి రాగి బయటపడితే మన గాలికి ఎంతోకాలం ఆగదు. గుంట లోతుగా ఉండి రుద్దినా సమం కాకపోతే ఇంకో మార్గం ఉంది. మాస్టర్‌లో నాలుగు బటన్లలో అన్నిటికన్నా తక్కువ వాడేది సాధారణంగా వెనక కుడివైపుది. దాని పలకలు ఇదే కొలతలో ఉంటే కాలినదాన్ని అక్కడికి, అక్కడి మంచిదాన్ని ఇక్కడికి మార్చుకోవచ్చు. డ్రైవర్ బటన్‌కి ఒక్క నొక్కుతో పూర్తిగా దిగే ఆటో సదుపాయం ఉంటే దాని అమరిక వేరు, దాన్ని కలపకు.

లోపల బోర్డు ఉంటే కప్లర్ పిన్నులు బోర్డుకి అతికిన చోట భూతద్దంతో చూడు. పిన్ను చుట్టూ సన్నటి గుండ్రటి చీలిక కనిపిస్తే అది టంకం వదిలేసినట్టు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కొంచెం కొత్త టంకం తగిలిస్తే సరిపోతుంది. రెండు మూడుసార్లు నొక్కితే గానీ కదలని నీ డ్రైవర్ గ్లాసుకి ఇది కూడా కారణం కావచ్చు.

మళ్లీ బిగించేటప్పుడు సిలికాన్ రకం డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు ప్లాస్టిక్ పిన్ను కొనలకీ, పలక వాలే మడతకీ అగ్గిపుల్ల మొనతో అంటీ అంటనట్టు పెట్టు. బొట్ల మీద పెట్టకు. బేరింగ్ గ్రీజు దీనికి పనికిరాదు. మూత వేశాక, కప్లర్ పెట్టకముందే ఒక్కొక్క బటన్ నొక్కి చూడు, అన్నిటికీ ఒకేలాంటి టిక్కు వినిపించాలి, వదిలితే మధ్యకి తిరిగి రావాలి. ఏ బటనైనా నొక్కినచోటే ఉండిపోతే దాని పిన్ను వంకరగా కూర్చుంది, విప్పి సరిచెయ్యి. అలాగే పెట్టేస్తే బ్యాటరీ కలపగానే గ్లాసు తనంతట తానే కదులుతుంది. పిల్లల చేతులు ఉంటాయి, ఈ ఒక్కటీ అశ్రద్ధ చెయ్యకు.

స్విచ్ అయింది. ఇప్పుడు గ్లాసు. దీన్ని రేపటికి వాయిదా వెయ్యొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా గ్లాసు అడుగు నుంచి పై దాకా దాదాపు అయిదు సెకన్లలో ఎక్కాలి. పది సెకన్లు పడుతూ మధ్యలో తడబడుతుంటే రబ్బరు గాడిలో ఇసుక, దుమ్ము చేరాయి. మీ దగ్గర ఇసుక, టెక్కలి వైపు బళ్లయితే గ్రానైటు పొడి, హైవే పక్కన ఉండేవాళ్లకి ఎర్రమట్టి, పేర్లే వేరు. గ్లాసు పూర్తిగా దించి, ప్లాస్టిక్ స్కేలుకి పాత బనీను గుడ్డ చుట్టి, సబ్బునీళ్లలో ముంచి, గాడిలో పై నుంచి కింది దాకా తుడువు. గుడ్డకి మట్టి అంటడం ఆగేదాకా గుడ్డ మార్చుకుంటూ తుడువు. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే గాడి లోపల కొట్టి, గ్లాసుని నాలుగైదుసార్లు ఎక్కించి దించు. కొబ్బరినూనె, ఆముదం, ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. మొదటి వారం బావుంటుంది, తర్వాత దుమ్ము పట్టి అదే జిగురవుతుంది. రబ్బరు గట్టిపడి, పగిలి, గాడిలోంచి లేచొస్తుంటే స్ప్రేతో లాభం లేదు, కొత్త రబ్బరు వేయించు. స్విచ్‌తోనూ మోటారుతోనూ పోలిస్తే దాని ఖర్చు ఎంతో తక్కువ.

అంత చేసినా బరువుగానే ఉంటే తలుపు లోపలి వైపు ఉండే డోర్ ప్యాడ్ విప్పి, గ్లాసుని ఎక్కించి దించే మెషిన్ చూడాలి. పట్టాల మీద పాత గ్రీజు ఎండి మైనంలా ఉంటుంది, తుడిచి తెల్ల లిథియం గ్రీజు పెట్టాలి. కేబుల్ రకం మెషిన్‌లో తీగ పోగులు లేచి కటకటమని చప్పుడు చేస్తుంటే దాన్ని మార్చడమే. కత్తెర చేతుల రకమైతే గ్లాసుని టేపుతో తలుపు ఫ్రేముకి కట్టేసి, మెషిన్ చేతులు కదలకుండా బిగించాకే మోటారు విప్పు, లేకపోతే లోపలి స్ప్రింగు బలానికి ఆ చేతులు విసురుగా తిరిగి వేళ్లు కోసేస్తాయి. ఈ ఒక్క పని మాత్రం చేసినవాళ్ల పక్కన ఒకసారి నిలబడి చూశాకే చెయ్యి.

ప్యాడ్ విప్పినవాళ్లు వెనకనున్న ప్లాస్టిక్ షీటు చింపి పారేస్తుంటారు, నాకు చాలా బాధనిపించే విషయమిది. గ్లాసు మీద పడిన వాన తలుపు లోపలికి దిగడం మామూలే, బండి అలాగే తయారైంది. ఆ నీటిని ప్యాడ్ వైపు, స్విచ్ వైపు రాకుండా ఆపేది ఆ షీటే. చిరిగి ఉంటే మందపాటి పాలిథీన్ కోసి, అంచులకి బ్యూటైల్ టేపుతో అతికించు. తలుపు అడుగు అంచున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, ఆకులూ మట్టీ చేరి మూసుకుపోయి ఉంటే చీపురుపుల్లతో తెరువు. తలుపు ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించే బండికి స్విచ్ ఎన్నిసార్లు బాగుచేసినా నిలవదు.

మాస్టర్ స్విచ్ కొత్తది ఎప్పుడు కొనాలంటే, బొట్టు కాలి కింద ప్లాస్టిక్ కరిగి కుంగిపోయినప్పుడు. ప్లాస్టిక్ కుంగితే ఎత్తు మారిపోతుంది, పలక ఆనదు, ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. కప్లర్‌లో పిన్ను గోధుమరంగుకి మాడి ఉంటే కొత్త స్విచ్‌తో పాటు ఆ కప్లర్ పిన్ను కూడా మార్చాలి, లేకపోతే ఆ వేడి కొత్తదానికీ ఎక్కుతుంది. పాత సామాన్ల కొట్లో అదే మోడల్ స్విచ్ దొరికితే మంచిదే. కంపెనీది పాతదైనా విప్పి శుభ్రం చేసుకోవచ్చు, పలకలు పలుచగా ఉండే పేరులేని కొత్తదానికన్నా నేను దాన్నే నమ్ముతాను. పిన్నుల వరుస నీ దానితో సరిపోతుందో లేదో ఫొటో పక్కన పెట్టుకుని చూసి కొను. కప్లర్ పట్టినంత మాత్రాన వైర్లు అవే అనుకోకు.

ఇదంతా స్విచ్ గుండానే మోటారు కరెంటు పారే పాత బళ్ల మాట. తర్వాత వచ్చిన చాలా బళ్లలో స్విచ్ కంట్రోల్ యూనిట్‌కి చిన్న సంకేతం మాత్రమే పంపుతుంది, మోటారుని నడిపేది ఆ యూనిట్. అలాంటి వాటిలో నేను చెప్పినట్టు వైరుతో నేరుగా ఎర్త్ గానీ 12 వోల్టులు గానీ ఇవ్వొద్దు, యూనిట్ పోతుంది. వెనక స్విచ్‌కి వచ్చే వైర్లు మందంగా ఉన్నాయా, సన్నగా ఉన్నాయా చూస్తే కొంత తెలుస్తుంది. ఇది చదివే వేరేవాళ్లు తమ బండి ఏ రకమో తేల్చుకున్నాకే చెయ్యి వెయ్యండి.

నువ్వు ముందు రాత్రి లైటు పరీక్ష చెయ్యి తమ్ముడూ, ఆ తర్వాత దిగే వైరు మీద వోల్టు చూడు. ఎక్కే బటన్ నొక్కినప్పుడు మీటరు ఎంత చూపించిందో, స్విచ్ విప్పాక వెనక ఎడమ పలకల ఫొటో, రెండూ పెట్టు. గుంట రుద్దితే పోయేదో, పలక మార్చాల్సిందో చూసి చెబుతాను.